పటంలో మునిగిన సౌనా

"బుధవారం పొద్దున్నే దోనె తెస్తున్నారట. రేవు కాస్త బాగుచెయ్యి" అంది రిస్తిన్ అత్త, ఫోను పెట్టేస్తూ.

ఒవ్లా కాఫీ గిన్నెలోంచి తల ఎత్తలేదు. జూన్ మొదటివారం. ఏటి మీద మంచు పగిలి వరద పోటెత్తి పది రోజులయింది. ఉత్తర ధ్రువానికి దగ్గరున్న ఆ ఊళ్ళో సూర్యుడు అస్తమించడం మానేసి మూడు వారాలయింది. సూర్యుడికి సెలవు లేని కాలంలో ఒవ్లాకు ఎక్కడినుంచి వస్తుంది? ఊరు మొత్తానికి ట్రాక్టర్ ఉన్నది అతనొక్కడికే. ట్రాక్టర్ అతనిదే గాని, అతను మాత్రం ఊరిది. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, చూపులకు డెబ్బై, నడుముకు తొంభై.

"దోనె ఎందుకత్తా? మనకు పడవలు తక్కువయ్యాయా?"

"యూనివర్సిటీ వాళ్ళు. ఏటి మీద తిప్పుతారట. వరదొచ్చాక ఏరు ఎటు మళ్ళిందో చూస్తారట."

"ఎటు మళ్ళిందో నువ్వు కిటికీలోంచి చూసి చెప్పొచ్చుగా?"

"నన్నడగలేదు" అంది అత్త.

ఆ ఏటి పేరు ముత్కయోకి. ముత్క అంటే వంకర. ప్రతి వసంతంలోనూ వరద వచ్చి ఒక వంకర సరిచేస్తుంది, రెండు కొత్తవి పెట్టిపోతుంది. ఏరే అన్ని వంకలు పెడుతుంటే ఒడ్డున ఉన్న మనిషి మాత్రం ఏ వంకా పెట్టకుండా పని చెయ్యాలి. ఒవ్లా గడ్డపార తీసుకుని వెళ్ళి, వరద రేవులో వదిలేసిన మంచుగడ్డలను పగలగొట్టసాగాడు. ఒక్కొక్కటి పడుకున్న రెయిన్‌డీరంత ఉంది. రెండు రోజులు పట్టింది.

బుధవారం పొద్దున్న ఒక చిన్న కారు వచ్చి ఆగింది. అందులోంచి ముప్పై ఏళ్ళమ్మాయి ఒక పెట్టె పట్టుకుని దిగింది. పేరు తూలిక్కి. పేరుకు తగ్గట్టే నిద్రలేక తూలుతోంది. దేశం దక్షిణ కొసనుంచి పన్నెండు వందల కిలోమీటర్లు ఒక్కతే నడుపుకొచ్చింది మరి.

"దోనె ఏదమ్మా?" అంది అత్త, కారు వెనక వెతుకుతూ.

"దోనె కాదండీ, డ్రోన్" అంటూ ఆ అమ్మాయి పెట్టె తెరిచింది. లోపల కాకంత యంత్రం, నాలుగు రెక్కలు ముడుచుకుని పడుకుని ఉంది. "ఇది పైనుంచి ఫొటోలు తీస్తుంది. వాటితో ఏటి పటం తయారవుతుంది."

అత్త వంగి చూసింది. ఆవిడకు డెబ్బై ఎనిమిదేళ్ళు, ఎడమ చెవి పోయి పదేళ్ళు. "ఇందులో ఎవరు కూర్చుంటారు?"

"ఎవరూ కూర్చోరండీ."

"మరి వీడు రేవెందుకు బాగుచేశాడు?"

ఒవ్లా గడ్డపారను చాలా నెమ్మదిగా కింద పెట్టాడు. విసిరెయ్యడానికి ఓపిక లేదు.

అసలు చిక్కు దోనెతో రాలేదు, మర్యాదతో వచ్చింది. ఈ ఏటి ఒడ్డున రెండు మర్యాదలున్నాయి. మొదటిది: వచ్చినవాళ్ళు ఏం చేస్తున్నారో అడగకూడదు. చెప్పాలనుకుంటే వాళ్ళే చెబుతారు. దక్షిణాదిలో పద్ధతి వేరు. ఎవరైనా అడిగితేగాని చెప్పుకోకూడదు, లేకపోతే గొప్పలు పోయినట్టు. అందుచేత తూలిక్కి గాలి నింపిన రబ్బరు పడవలో ఏటి మీద అటూ ఇటూ తిరుగుతూ, ఒడ్డునా ఇసుక దిబ్బల మీదా పది పలకలు పరుస్తుంటే ఊరంతా కిటికీల్లోంచి చూసింది, ఒక్కరూ అడగలేదు. అడగలేదు కనక ఆ అమ్మాయి చెప్పలేదు. పలకలా, అవి పలకవు.

చదరంగం బల్లలోంచి నాలుగు గళ్ళు కోసినట్టుంటాయవి: రెండు నలుపు, రెండు తెలుపు, మూలన ఒక అంకె. ఒక్కొక్క పలక భూమి మీద సరిగ్గా ఎక్కడుందో పొడవాటి కర్ర యంత్రంతో కొలుచుకుంది తూలిక్కి. నాలుగో పలక ఏటి నడుమ ఇసుక దిబ్బ మీద. ఏడోది అవతలి ఒడ్డున. కొలతలు పూర్తయ్యేసరికి గాలి లేచింది. గాలిలో డ్రోన్ ఎగరదు. "పొద్దున్నే వస్తానండీ" అని చెప్పి, ముప్పై కిలోమీటర్ల అవతల సత్రానికి పోయి పడుకుంది.

ఇక రెండో మర్యాద. ఎవరిదైనా వస్తువు దారిలో దొరికితే దాన్ని జేబులో వేసుకోకూడదు, వదిలేసి పోకూడదు. ఎత్తుగా, పదిమందికీ కనబడేచోట పెట్టాలి, సొంతదారు వచ్చి తీసుకుంటాడు. చేతి తొడుగు దొరికితే కొమ్మకు తగిలిస్తారు. ఒంటి బూటు దొరికితే కంచె గుంజకు బోర్లిస్తారు. ఒకసారి ఎవరివో కట్టుడు పళ్ళు బస్సాగే చోట స్తంభం మీద రెండేళ్ళపాటు వచ్చేపోయేవాళ్ళందరినీ చూసి నవ్వాయి. వరదల కాలంలో ఈ పని మరీ ఎక్కువ. ఏరు తెచ్చినవన్నీ ఏరుకుని ఎత్తున పెట్టడమే ఊరికి వ్యాపకం.

సాయంత్రం నీల్లాస్ వల తీయడానికి పడవ విప్పాడు. పేరులో సగం నీళ్ళు, నోట్లో మొత్తం వెటకారం ఉన్న మనిషి. అత్త పొరుగువాడు. సాయంగా అత్త కూడా పడవెక్కింది. ఇసుక దిబ్బ దగ్గరకు రాగానే ఆవిడ చెయ్యి చాపింది.

"అదేంట్రా?"

"చదరంగం బల్ల. సగంలో ఆట మానేసి పోయారు."

"ఆ పిల్లదే. పాపం పడవలోంచి జారిపోయుంటుంది. అసలే తూలుతోంది. నీళ్ళొస్తే కొట్టుకుపోతుందిరా, తియ్యి."

తీశారు. అవతలి ఒడ్డున ఇంకొకటి కనిపిస్తే, దాన్నీ తీశారు. మిగిలినవి దూరంగా ఉండి కనబడలేదు, అదృష్టం.

"గుంజకు తగిలించనా?" అన్నాడు నీల్లాస్, రేవులో దిగుతూ.

అత్త కాస్త ఆలోచించింది. "ఆ పిల్ల పైనుంచి కదా చూస్తుంది? నిలువుగా తగిలిస్తే ఏం కనబడుతుంది? పైన పెట్టాలి, వెల్లకిలా."

అలా ఏడో పలక నీల్లాస్ బోర్లించిన పాత పడవ మీదికెక్కింది. నాలుగో పలక అత్త సౌనా కప్పు మీదికి, అంటే ఒడ్డునున్న ఆవిరి స్నానాల కొట్టం మీదికి, ఎక్కింది. ఎగిరిపోకుండా నాలుగు మూలలా నాలుగు రాళ్ళు. ఒక పరాయి పిల్ల వస్తువు మీద అంత శ్రద్ధ ఎవరు పెడతారు చెప్పండి!

గురువారం తెల్లవారుజామున గాలి ఆగింది. తూలిక్కి ఏటి అవతలి గట్టు మీదినుంచే డ్రోన్ ఎగరేసింది. వేళ్ళు కొంకర్లు పోతున్నాయి, కళ్ళు మూతలు పడుతున్నాయి. తెర మీద లెక్కపెట్టింది. పదికి పది పలకలూ కనబడుతున్నాయి. హమ్మయ్య అనుకుంది. ఫొటోలు దక్షిణాదిలో ఉన్న యూనివర్సిటీ కంప్యూటరుకు పంపింది. దానికి నిద్రా లేదు, మర్యాదా లేదు. పటం గీసి, ఏర్పాటు ప్రకారం నేరుగా మున్సిపాలిటీకి పంపేసింది. పలకలు శనివారం వచ్చి తీసుకోవచ్చని తూలిక్కి సత్రానికి పోయి, తలుపేసుకుని ఒకటిన్నర రోజులు పడుకుంది.

శుక్రవారం మున్సిపాలిటీ ఇంజినీరు రైమో వచ్చాడు. చంకలో చుట్టిన కాగితం ఉంది. అత్త సౌనా రాజేసి, ఇంకాసిని కట్టెల కోసం ఇంటి ముందుకొచ్చింది. నీల్లాస్ కట్టెలు అందిస్తున్నాడు. ఒవ్లా గడప మీద కూర్చుని, లేవడానికి కారణం లేకుండా చూడమని దేవుణ్ణి వేడుకుంటున్నాడు.

"అత్తగారూ, మీ సౌనా ఏటిలో ఉంది" అన్నాడు రైమో.

అత్త కుడి చెవి తిప్పింది. "ఎక్కడా?"

"ఏటిలోనండీ."

అందరూ వెనక్కి తిరిగి చూశారు. పది అడుగుల దూరంలో సౌనా ఉంది. గొట్టంలోంచి పొగ వస్తోంది.

"ఏటిలో పొగెలా వస్తోందయ్యా?" అన్నాడు నీల్లాస్.

"పటంలో ఏటిలో ఉంది."

"పటంలో చేపలేమన్నా పడ్డాయా?"

రైమో కాగితం విప్పి గోడకు ఆనించాడు. నిజమే. ఏరు ఈ వంపు దగ్గర ఒక్కసారిగా వెర్రెత్తినట్టు ఒడ్డు మీదికి ఎగబాకింది. నీలం రంగు నడిమధ్యలో బుల్లి గోధుమరంగు చతురస్రం. సౌనా. దాని చుట్టూ ఎర్ర గీత.

"పోయినేడాది పటానికీ దీనికీ ముప్పై ఎనిమిది మీటర్లు తేడా" అన్నాడు రైమో. "అంటే ఒడ్డు జారిపోతోందన్నమాట. ఎర్ర గీత లోపల ఏ కట్టడమూ ఉండకూడదు. సోమవారం యంత్రం వస్తుంది. ఈలోగా మీరే తీసేస్తే సరి, లేకపోతే అది తీసేస్తుంది."

"బాబూ, నీకు కళ్ళున్నాయి కదా?" అంది అత్త.

"ఉన్నాయండీ. రిటైర్మెంటుకు పదకొండు నెలలు కూడా ఉంది. పటం చెప్పింది రాస్తే సంతకం పటానిది. కళ్ళు చెప్పింది రాస్తే సంతకం నాది."

అత్త కట్టెపుల్ల కింద పడేసింది. "నేను పుట్టింది ఇందులో. నా ముగ్గురు పిల్లలు పుట్టింది ఇందులో. మా ఆయన పోతే ఆఖరి స్నానం చేయించింది ఇందులో. రేపు నాకు చేయించాల్సిందీ ఇందులోనే. దీన్ని పీకేస్తే నన్నెక్కడ కడుగుతారు, మీ ఆఫీసులోనా?"

"దానికి దరఖాస్తు వేరే ఉంటుందండీ" అన్నాడు రైమో. వెటకారం కాదు. అలసట.

అత్త వెళ్ళి సౌనా గోడ మీద చెయ్యి వేసి నిలబడింది. అప్పటిదాకా వెలుగుతున్న మొహం ఆవిరైపోయింది. నీల్లాస్ కూడా వెటకారం మరిచిపోయాడు. ఒవ్లాకు తెలుసు, ఆ నిశ్శబ్దం చివర తన పేరు ఉంటుందని.

"ఒవ్లా" అంది అత్త. "ట్రాక్టర్‌లో డీజిలుందా?"

పటంలో ఎర్ర గీతకు దూరంగా, ఆకుపచ్చగా, సమంగా ఒక గడ్డి మైదానం ఉంది. అక్కడికి జరిపితే చాలన్నాడు రైమో.

"అక్కడ నేల మెత్తన" అన్నాడు ఒవ్లా. "గడ్డి కోసినప్పుడల్లా బూట్లు తడుస్తాయి."

"పటంలో పొడిగా ఉంది" అన్నాడు రైమో.

శనివారం పొద్దున్న పన్నెండుమంది చేరారు. దుంగలతో కట్టిన సౌనా, తొంభై ఏళ్ళ నాటిది, ఒక్క మేకు లేదు. బరువు తగ్గించాలని పొయ్యి మీద ఆవిరి పుట్టించే రాళ్ళన్నీ మోసి బయట పోశారు. పొయ్యినీ పీకేశారు. గునపాలతో ఎత్తి కింద గుండ్రటి దుంగలు దొర్లించారు. తాడు కట్టి ట్రాక్టర్ లాగుతుంటే, వెనక దుంగ ముందుకూ ముందు దుంగ పక్కకూ పోయి, పది మీటర్లకొకసారి ఆగింది. ఆగినప్పుడల్లా అందరూ కాఫీ తాగారు. పొగగొట్టం మొదటి కాఫీకే పడిపోయింది. రెండో కాఫీకి సౌనా గిర్రున తిరిగి, ఏటి వైపు చూడాల్సిన తలుపు నీల్లాస్ ఇంటి వైపు చూసింది.

"ఇక నా స్నానం నీ భోజనం బల్లకు ఎదురుగానా?" అంది అత్త.

"నా ఆకలి పోతుంది, నీ సిగ్గు పోతుంది. చెల్లుకు చెల్లు" అన్నాడు నీల్లాస్.

ఒవ్లా చెమట తుడుచుకుంటూ కప్పు మీదికి చూశాడు. "అత్తా, ఆ పలకైనా దింపరాదూ? ఊగుతోంది."

"అది పరాయి వస్తువు. సొంతదారు వచ్చేదాకా పెట్టినచోటునుంచి కదపకూడదు."

"సౌనాతో సహా కదుపుతున్నాంగా?"

"సౌనా మనది, కదపొచ్చు. పలకను ఎవరు కదిపారు? కప్పు మీదే ఉందిగా."

వాదించే ఓపిక ఒవ్లాకు లేదు. మధ్యాహ్నానికి సౌనా మైదానం చేరింది. రైమో కొలబద్దతో కొలిచి, "ఇప్పుడు క్షేమం" అని కాగితం మీద రాసుకున్నాడు. ఆడవాళ్ళు ఎండబెట్టిన రెయిన్‌డీరు మాంసం, రొట్టె తెచ్చారు. ఒవ్లా తాడు విప్పి, ట్రాక్టర్ ఇంటి వైపు తిప్పి, ఏడాదికి ఒకసారి నవ్వే నవ్వు నవ్వాడు. పడుకుందామని.

ఆ రోజు ఎండ గట్టిగా కాసింది. ఎగువన కొండల మధ్య ఎక్కడో ఒక మంచుదిబ్బ ఇంకా ఏటికి అడ్డంపడి ఉంది. ఎండకు అది తెగింది. ఏరు అందరూ చూస్తున్న వైపునుంచి రాలేదు. వెనకనుంచి, మైదానం అంచున ఉన్న పల్లపు చాళ్ళలోంచి, దొంగలా వచ్చింది. మొదట ఒవ్లా మేజోళ్ళకు తెలిసింది.

"ఎవరైనా కాఫీ ఒలకబోశారా?" అన్నాడు.

 పది నిమిషాల్లో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. ట్రాక్టర్ చక్రాలు బురదలో సగం దిగాయి. జనం రొట్టెలూ పిల్లలూ చంకన పెట్టుకుని మిట్ట ఎక్కారు. సౌనా ఒకసారి కిర్రుమంది, ఒకసారి ఊగింది. పొయ్యి లేదు, రాళ్ళు లేవు, తాడు లేదు. తేలికైన మనసులా మెల్లగా పైకి లేచి, నీళ్ళతోపాటు ఏటి వైపు సాగింది.

"తలుపు వెయ్యండ్రా! లోపలికి నీళ్ళు పోతాయి!" అని అరిచింది అత్త.

సరిగ్గా అప్పుడే ఏటి గట్టు రోడ్డు మీద చిన్న కారు వచ్చి కీచుమని ఆగింది. పలకలు ఏరుకోవడానికి వచ్చిన తూలిక్కి, కారు దిగి, నోరు తెరిచి నిలబడిపోయింది. ఏటి మధ్యలో ఒక సౌనా పోతోంది. కప్పు మీద నాలుగు గళ్ళ పలక. మూలన అంకె.

"అది నా నాలుగో నంబరు!" అని కేక పెట్టింది.

"నేను చెప్పలేదూ, సొంతదారు వస్తుందని!" అంది అత్త, ఏడుపు ఆపుకుంటూ. "ఒరే నీల్లాస్, పట్టుకోరా దాన్ని! వెళ్ళిపోతోందిరా!"

నీల్లాస్ పడవ తోశాడు. ఒవ్లా కూడా ఎక్కాడు, ఎక్కకపోతే ఎక్కించుకుంటారని తెలుసు కనక. తెడ్లు ఎంత వేసినా సౌనా వాళ్ళకన్నా ముందే ఉంది. తలుపు తెరుచుకుంటూ మూసుకుంటూ, ఎవరికో వీడ్కోలు చెబుతున్నట్టు పోయింది. వంపు దగ్గర సుడి దాన్ని రెండుసార్లు తిప్పింది. అత్త ఒడ్డున కళ్ళు మూసుకుంది. అప్పుడు గరగరమని పెద్ద చప్పుడయింది.

కళ్ళు తెరిచేసరికి సౌనా నిలబడి ఉంది. ఏటి నడుమ ఇసుక దిబ్బ మీద. తిన్నగా. తలుపు ఇప్పుడు మళ్ళీ ఏటి వైపే.

ఒక గంటలో పోటు తగ్గింది. దిబ్బ చుట్టూ ఇసుక బయటపడింది. అందరూ పడవల్లో అక్కడికి చేరారు. అత్త సౌనా చుట్టూ తిరిగి ఒక్కొక్క దుంగనూ తట్టి చూసింది. లోపలికెళ్ళి పై బల్ల తడిమింది. పొడిగానే ఉంది. అక్కడే కూర్చుండిపోయి, చాలాసేపు బయటికి రాలేదు.

తూలిక్కి నిచ్చెన వేసుకుని కప్పెక్కింది. కర్ర యంత్రం పలక నడిమధ్యన ఆనించి చూసింది. పుస్తకం తీసి చూసింది. మళ్ళీ యంత్రం చూసింది.

"ఏమైందమ్మా?" అన్నాడు ఒవ్లా.

"బుధవారం నేను ఈ పలకను పెట్టిన చోటికీ ఇప్పుడున్న చోటికీ పదకొండు సెంటీమీటర్లు తేడా" అంది నీరసంగా.

రైమో తన కాగితం విప్పాడు. నీలం నడిమధ్యలో గోధుమరంగు చతురస్రం. తల ఎత్తి చూశాడు. నీళ్ళ నడిమధ్యలో సౌనా. "పటం తప్పు కాదని నేను మొదటినుంచీ చెబుతూనే ఉన్నాను" అన్నాడు.

"తప్పేనండీ!" అంది తూలిక్కి. కప్పు మీదే కూర్చుని, మొదటిసారి, ఎవరూ అడగకుండానే మొత్తం చెప్పింది. ఫొటో అంటే గుడ్డలాంటిది. పలకలు గుండుసూదులు. ఏ సూది ఎక్కడుందో ముందే కొలిచి పెట్టుకుంటాం. కంప్యూటర్ గుడ్డను ఆ సూదులకు గుచ్చి పరుస్తుంది. "నాలుగో సూది ఏటి మధ్యలో అని నేను రాసిపెట్టాను. మీరు దాన్ని సౌనా మీద పెట్టారు. అది పాపం నా మాట నమ్మి, సౌనాను ఈడ్చుకెళ్ళి ఏటి మధ్యలో గుచ్చింది. చుట్టుపక్కల ఒడ్డంతా ముడతలు పడి దానివెంట పోయింది. ఒడ్డు అంగుళం కదల్లేదు."

 నీల్లాస్ తన బోర్లించిన పడవను తలుచుకుని దగ్గాడు.

"మూడేళ్ళుగా ఈ ఏటి మీద డ్రోన్ ఎగరేసి చూస్తున్నాను, మొన్నటిదాకా ఎగువ ఊళ్ళ దగ్గర" అంది తూలిక్కి. "ఈ పొద్దున ఈ ఊరి పాత పటాలన్నీ వరుసగా పెట్టి చూశాను. ఏరంతా కదులుతోంది. అస్సలు కదలనిది మీ సౌనా ఉన్న చోటొక్కటే. కింద బండ ఉంది. ఆ మైదానమా, అది ఏటి పాత దారి. ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి వస్తుంది."

"వచ్చింది" అన్నాడు ఒవ్లా, మేజోళ్ళు పిండుకుంటూ.

"బండ మీద మా తాత కట్టాడు" అంది అత్త, తలుపులోంచి తొంగిచూసి. "ఆయన దగ్గర పటం లేదు. దోనె ఉండేది."

"ఆ పలకలేమిటని నన్ను అడిగుంటే, ముట్టుకోకూడదని చెప్పేదాన్ని కదండీ" అంది తూలిక్కి, ఏడవలేక నవ్వుతూ.

"నువ్వే చెప్పుంటే అసలు ముట్టుకునేవాళ్ళం కాదు కదమ్మా" అంది అత్త.

రైమో ఎర్ర గీత కొట్టేశాడు. కొట్టేసి, పక్కన చిన్న సంతకం పెట్టాడు. ఈసారి తనదే. సోమవారం యంత్రం రాదన్నాడు. కానీ సౌనా ఇప్పుడు ఇక్కడుంది, బండ అక్కడుంది. మధ్యలో ఏరుంది.

"నవంబరులో ఏరు గడ్డకట్టాక లాగొచ్చు" అన్నాడు నీల్లాస్. "మంచు మీద సాఫీగా జారుతుంది. అందాకా పడవలో వచ్చి స్నానం చెయ్యి అత్తా. సముద్రపు ఓడల్లో ఉన్న సదుపాయం."

"రాళ్ళు అవతల ఉన్నాయి" అంది అత్త. "పొయ్యి అవతల ఉంది. ఎవరైనా తేవాలి."

పదిహేను జతల కళ్ళు ఒకేసారి ఒవ్లా వైపు తిరిగాయి. అతను ఇసుకలో వెల్లకిలా పడుకున్నాడు. ట్రాక్టర్ బురదలో ఉంది. సూర్యుడు ఇంకో ఆరు వారాలు అస్తమించడు. గుంపులో ఎవరో, ఈ పాడు ఏరే అన్నిటికీ కారణమని తిట్టారు.

"ఏటిని ఏమీ అనకండి" అన్నాడు ఒవ్లా, కళ్ళు మూసుకునే. "దొరికిన వస్తువును జాగ్రత్తగా తెచ్చి, ఎత్తుగా, పదిమందికీ కనబడేచోట పెట్టి వెళ్ళింది. మన ఊరి మర్యాదే."